13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలని రాసుకుని, 9తో ఎలా కానిచ్చేశారు?

పాతపేజీ
అమెరికా రాజ్యాంగం గురించి గ్రూప్స్ నోట్సుల్లో ఎక్కడ చూసినా ఒకటే ముక్క: ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ (అంతకు ముందు 13 రాష్ట్రాలు రాసుకున్న ఉమ్మడి ఒప్పందం) బలహీనంగా ఉన్నాయి కాబట్టి 1787లో సవరించి రాజ్యాంగం తెచ్చారు. సవరించడం ఏమిటండీ? ఆ ఆర్టికల్స్‌లో 13వది తీసి చదవండి. ఏ మార్పయినా ముందు కాంగ్రెస్ (రాష్ట్రాల ప్రతినిధుల ఉమ్మడి సభ) ఒప్పుకోవాలి, ఆ తర్వాత ప్రతి రాష్ట్ర శాసనసభా ఖాయం చెయ్యాలి. ప్రతి రాష్ట్రం అంటే పదమూడూ. ఈ కూటమి శాశ్వతం అన్న మాట కూడా అక్కడే ఉంది. కొత్త రాజ్యాంగం 7వ అధికరణం మాత్రం 9 రాష్ట్రాలు చాలంటోంది. అదీ శాసనసభలు కాదు, ప్రత్యేకంగా ఎన్నుకున్న సమావేశాలు. పదమూడు కాస్తా తొమ్మిది ఎలా అయింది? ఆ అధికారం ఎవరిచ్చారు? తెలిసినవాళ్ళు "బలహీనం" అనే మాట వాడకుండా చెప్పండి.

కోనసీమ_కుర్రాడు
బలహీనం.
సారీ, ఆగలేకపోయా.

దస్తావేజు
అధికారం ఎవరూ ఇవ్వలేదు. కాగితాలు వరసగా పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

1786 సెప్టెంబరులో అన్నాపొలిస్‌లో వ్యాపార విషయాలు మాట్లాడుకుందామని రాష్ట్రాలను పిలిస్తే 5 రాష్ట్రాల నుంచి 12 మందే వచ్చారు. ఆతిథ్యం ఇవ్వాల్సిన మేరీలాండే ఎవరినీ పంపలేదు. వచ్చినవాళ్ళు చేతులెత్తేసి వెళ్ళిపోకుండా, వచ్చే మే నెల రెండో సోమవారం ఫిలడెల్ఫియాలో కలుద్దాం, మొత్తం వ్యవస్థనే చూద్దాం అని నివేదిక రాశారు. రాసింది న్యూయార్క్ ప్రతినిధి హామిల్టన్. 1787 ఫిబ్రవరి 21న కాంగ్రెస్ దానికి తలూపింది. కానీ ఆ తీర్మానంలో ఒక కట్టు వేసింది: సమావేశం ఆర్టికల్స్‌ను సవరించడానికి మాత్రమే, మరి దేనికీ కాదు.

మే 14న మొదలవ్వాలి. 7 రాష్ట్రాల కోరం దొరికేసరికి మే 25. మే 29న కొత్త ప్రభుత్వానికి నమూనాగా వర్జీనియా ప్లాన్ బల్ల మీద పెట్టారు. మే 30కే "సర్వోన్నతమైన శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలతో జాతీయ ప్రభుత్వం ఉండాలి" అని ఓటు వేసేశారు. అంటే కోరం దొరికిన వారం లోపే సవరణ పని అటకెక్కింది. డెలావేర్ తన ప్రతినిధులకిచ్చిన నియామక పత్రంలో "రాష్ట్రానికో ఓటు అన్నదాన్ని మార్చడానికి వీల్లేదు" అని స్పష్టంగా రాసి పంపినా సరే.

పాతపేజీ
అంటే నేను అన్నది కరెక్టే కదా. గీత దాటారు.

చాదస్తపు_శాస్త్రి
దాటారు, కానీ మీరు 13వ ఆర్టికల్ దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ఆర్టికల్ పనిచేస్తే ఎవరూ దాటేవారు కాదు. రెండుసార్లు ప్రయత్నించి చూశారు.

1781 ఫిబ్రవరిలో దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకునే అధికారం మాకివ్వండి అని కాంగ్రెస్ అడిగింది. యుద్ధం అప్పులు తీర్చాలి, చేతిలో పైసా లేదు. 1782 నవంబరులో రోడ్ ఐలాండ్ కాదంది. అన్నిటికన్నా చిన్న రాష్ట్రం. వచ్చే ఓడల మీద సుంకమే వాళ్ళ ఖజానాకి ఆధారం, దాన్ని ఎందుకు వదులుకుంటారు? అది చూసి వర్జీనియా కూడా ముందు ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకుంది.

1783 ఏప్రిల్‌లో మళ్ళీ అడిగారు. ఈసారి మెత్తగా: 25 ఏళ్ళకే, వసూలుదార్లను రాష్ట్రాలే పెట్టుకోవచ్చు, వచ్చింది అప్పులకే వాడతాం అని. మూడేళ్ళు తిరిగి తిరిగి చివరికి 1786లో న్యూయార్క్ దగ్గర చచ్చింది. న్యూయార్క్ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని తన షరతులు పెట్టింది, అవి కాంగ్రెస్‌కి కుదరలేదు. కారణం అదే, న్యూయార్క్ రేవు.

రెండుసార్లూ ఒక్క రాష్ట్రం అడ్డం నిలబడితే మిగతా దేశం ఆగిపోయింది. ఈ రెండూ చూసినవాళ్ళు 1787లో మళ్ళీ 13 అని రాస్తారా?

నూజెర్సీ_నాని
పన్ను లేకపోతే జీతాలు ఎలా ఇచ్చేవాళ్ళు ఇంతకీ

చాదస్తపు_శాస్త్రి
చందా లెక్కన. 8వ ఆర్టికల్ ప్రకారం ఉమ్మడి ఖర్చును రాష్ట్రాల మీద పంచుతారు. పంచడానికి కొలమానం ఆ రాష్ట్రంలోని భూములు, వాటి మీది కట్టడాల విలువ. ఆ విలువ ఎవరు కట్టాలి? అది సరిగ్గా ఎప్పుడూ జరగలేదు. చందా నోటీసు వెళ్తుంది, రాష్ట్రం తన శాసనసభలో పన్ను వేసి వసూలు చేసి పంపాలి. పంపకపోతే కాంగ్రెస్ చెయ్యగలిగింది ఇంకో నోటీసు పంపడం. 1782 సంవత్సరానికి 80 లక్షల డాలర్లు అడిగారు, వచ్చింది అందులో చిన్న ముక్క.

కోనసీమ_కుర్రాడు
మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాగే ఉంది.

రైతుబిడ్డ_సర్వేయర్
శాస్త్రి గారూ, ఆ ఆర్టికల్స్ హయాంలో జరిగిన పెద్ద పని ఒకటి ఎవరూ చెప్పట్లేదు. 1785 భూ ఆర్డినెన్స్. ఒహాయో నదికి అవతలి భూమిని గళ్ళుగా కొయ్యడం. ఒక టౌన్‌షిప్ అంటే 6 మైళ్ళు పొడవు, 6 మైళ్ళు వెడల్పు. దాన్ని 36 సెక్షన్లు చేస్తారు, ఒక్కోటి ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. 16వ సెక్షన్ బడి కోసం వదిలెయ్యాలి. ఎకరం ధర డాలర్‌కి తగ్గకూడదు. కొలిచింది 66 అడుగుల గొలుసుతోనే. మన దగ్గర పాత సర్వే రికార్డుల్లో గొలుసులు, లింకులు అని కనిపించేదీ ఆ గొలుసే: 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. విమానంలోంచి ఒహాయో నుంచి పడమటికి చూస్తే ఇప్పటికీ ఆ గళ్ళు కనబడతాయి.

1787 జులై 13న వచ్చిన వాయవ్య ఆర్డినెన్స్ కూడా పాత కాంగ్రెస్‌దే. అటు ఫిలడెల్ఫియాలో కొత్తది రాస్తుంటే, ఇటు న్యూయార్క్‌లో పాతది ఈ చట్టం చేసింది. స్వేచ్ఛా జనాభా 60,000 దాటితే కొత్త రాష్ట్రం, పాత 13తో సమాన హోదా, ఆ ప్రాంతంలో బానిసత్వం నిషేధం. ఇవన్నీ చేసిన ప్రభుత్వాన్ని ఉత్త చేతగానిది అనడం నాకు నచ్చదు.

దస్తావేజు
ఒప్పుకుంటా. కానీ చూడండి, భూమి విషయంలో ఎందుకు పని జరిగింది? రాష్ట్రాలు పడమటి హక్కులు వదిలేశాక ఆ భూమి కాంగ్రెస్ సొంతం. ఎవరినీ అడగక్కర్లేదు. అడగాల్సి వచ్చిన ప్రతిచోటా బండి ఆగింది.

దానికి లెక్క ఉంది. ముఖ్యమైన పని ఏదైనా (యుద్ధం, ఒప్పందం, అప్పు, సైన్యం) 13లో 9 రాష్ట్రాల ఓటు కావాలి. వచ్చిన వాళ్ళలో 9 కాదు, మొత్తంలో 9. ఒక రాష్ట్రం ఓటు లెక్కకి రావాలంటే కనీసం ఇద్దరు ప్రతినిధులుండాలి, వాళ్ళిద్దరూ చెరోవైపు వేస్తే ఆ ఓటు పోయినట్టే. 9 రాష్ట్రాలే వచ్చిన రోజున 9 ఓట్లంటే ఏకగ్రీవం. స్వాతంత్ర్యాన్ని ఖాయం చేసే పారిస్ ఒప్పందానికే ఈ గతి పట్టింది. సంతకం 1783 సెప్టెంబరు 3, ఆరు నెలల్లోగా ఆమోద పత్రాలు మార్చుకోవాలి, మధ్యలో సముద్రం. అన్నాపొలిస్‌లో వారాల తరబడి 9 రాష్ట్రాలు దొరక్క కూర్చున్నారు. 1784 జనవరి 14కి సరిగ్గా 9 అయ్యాయి, అప్పుడు గబగబా ఓటు వేశారు.

పాతపేజీ
ఆహా, 9 అనే అంకె అక్కడ నుంచి వచ్చిందా?

దస్తావేజు
అవును. 1787 ఆగస్టు 30న ఫిలడెల్ఫియాలో ఈ అంకె మీద బేరం జరిగింది. పెన్సిల్వేనియా విల్సన్ 7 చాలన్నాడు, అంటే సగానికి పైన. మేరీలాండ్ కారొల్ 13 ఉండాల్సిందే అన్నాడు, ఏకగ్రీవంగా కట్టుకున్నదాన్ని ఏకగ్రీవంగానే విప్పాలని. వర్జీనియా రాండాల్ఫ్ 9 అన్నాడు: పాత కాంగ్రెస్‌లో జనానికి అలవాటైన అంకె అని. మర్నాడు 9కే ఖాయమైంది. తమాషా ఏమిటంటే, 9 అన్న రాండాల్ఫ్ చివర్లో సంతకం పెట్టలేదు.

7వ అధికరణం ఇంకో పని కూడా చేసింది. ఆ 9 ఒప్పుకుంటే రాజ్యాంగం "ఒప్పుకున్న రాష్ట్రాల మధ్య" అమల్లోకి వస్తుంది. మిగతా నాలుగింటి మీద రుద్దడం లేదు. వాళ్ళు బయట ఉండొచ్చు. కాబట్టి ఒకే ఒక్కడు అందరినీ ఆపే దారి మూసేశారు.

మిర్చియార్డ్
55 మంది సంతకం పెట్టారు కదా, మరి ఒక్కడు పెట్టకపోతే ఏమైంది

చాదస్తపు_శాస్త్రి
55 మంది ఏదో ఒక సమయంలో హాజరైనవాళ్ళు. సంతకాలు 39. సెప్టెంబరు 17న గదిలో ఉండి కూడా పెట్టనివాళ్ళు ముగ్గురు: రాండాల్ఫ్, జార్జ్ మేసన్, ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ. 39లో ఒకటి జాన్ డికిన్సన్‌ది, ఆయన ఒంట్లో బాగోక ముందే వెళ్ళిపోతే జార్జ్ రీడ్ ఆయన పేరు కూడా రాశాడు. 1776లో పాత ఆర్టికల్స్ ముసాయిదా తయారు చేసిన డికిన్సనే ఈ డికిన్సన్.

సంతకం వాక్యంలోనూ కిటుకు ఉంది. "హాజరైన రాష్ట్రాల ఏకగ్రీవ సమ్మతితో" అని రాశారు. మనుషుల ఏకగ్రీవం కాదు, రాష్ట్రాల ఏకగ్రీవం. న్యూయార్క్ ప్రతినిధులు ముగ్గురిలో ఇద్దరు జులైలోనే వెళ్ళిపోయారు, మిగిలిన హామిల్టన్ ఒక్కడికి రాష్ట్రం తరఫున ఓటు లేదు. అందుకే వాషింగ్టన్ డైరీలో 11 రాష్ట్రాలు, న్యూయార్క్ నుంచి కర్నల్ హామిల్టన్ అని ఉంటుంది.

ఓరుగల్లు_పోరడు
గివన్నీ సరే. అసలు ముచ్చట పైసలది. మాసచూసెట్స్‌ల రైతులు పన్నులు కట్టలేక, అప్పులోళ్లు భూములు గుంజుకుంటుంటే 1786ల కోర్టులు బంద్ వెట్టిన్రు. లీడరు పేరు మీద షేస్ తిరుగుబాటు అంటరు. సైన్యం పంపనీకి కాంగ్రెస్ తాన పైసల్లేవు, బోస్టన్ సేట్లు చందాలేసుకొని ఫౌజు కట్టిన్రు. 1787 జనవరి 25 నాడు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం కాడ ఫిరంగి పేల్చిన్రు, నలుగురు సచ్చిన్రు. నెల దిరగకముందే కాంగ్రెస్ ఫిలడెల్ఫియా మీటింగ్‌కు సరే అన్నది. అప్పులిచ్చినోళ్లు భయపడ్డరు, రాజ్యాంగం వచ్చింది. గంతే.

చాదస్తపు_శాస్త్రి
సగం ఒప్పుకుంటా తమ్ముడూ. భయం పనిచేసింది, ఆ భయం లేకపోతే వాషింగ్టన్ ఇంట్లోంచి కదిలేవాడో లేదో. రాజ్యాంగం 1వ అధికరణం 10వ సెక్షన్ చదివితే నీ మాటకి బలం కూడా దొరుకుతుంది: రాష్ట్రాలు కాగితం డబ్బు అచ్చు వెయ్యకూడదు, ఒప్పందాల బాధ్యతను చెడగొట్టే చట్టాలు చెయ్యకూడదు. అది నేరుగా రోడ్ ఐలాండ్ మీద గురి. 1786లో వాళ్ళు కాగితం నోట్లు వేసి, అవి తీసుకోననే షావుకారుకి జరిమానా పెట్టారు.

కానీ వరస తప్పావు. అన్నాపొలిస్ నివేదిక వెళ్ళింది 1786 సెప్టెంబరు 14న. అప్పటికి తిరుగుబాటు మొదలై రెండు వారాలే. పిలుపు ముందే ఉంది, షేస్ దానికి గాలి ఊదాడు.

ఓరుగల్లు_పోరడు
గాలి ఊదకుంటె పొయ్యి మండదు కదనే.

గోదారిగట్టు
5లో 3 వంతులు అన్న లెక్క గురించి ఎవరైనా చెప్తారా? ఫిలడెల్ఫియాలో బేరమాడి కనిపెట్టారని విన్నాను.

రైతుబిడ్డ_సర్వేయర్
కనిపెట్టలేదు, పాత దస్త్రంలోంచి దించుకున్నారు. 1783లో చందాల లెక్క భూమి విలువ నుంచి జనాభాకి మార్చాలని కాంగ్రెస్ ప్రతిపాదించింది. బానిసలను ఎలా లెక్కపెట్టాలి? చందా కట్టాలి కాబట్టి దక్షిణాది వాళ్ళు తక్కువ లెక్కపెట్టమన్నారు, ఉత్తరాది వాళ్ళు ఎక్కువ పెట్టమన్నారు. తెగ్గొట్టిన అంకె 5లో 3, అంటే ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కపెట్టడం. ఆ సవరణా 13 ఒప్పుకోక పడిపోయింది. నాలుగేళ్ళకి సీట్ల పంపకం వచ్చేసరికి అదే అంకె మళ్ళీ తీశారు, అయితే ఇప్పుడు రెండు పక్షాలూ చోట్లు మార్చుకున్నాయి. సీట్లు కదా, దక్షిణాది వాళ్ళు పూర్తిగా లెక్కపెట్టమన్నారు. ఏ లెక్కలోనూ ఆ బానిస మనిషికి ఓటు లేదు, ఆయన యజమాని రాష్ట్రానికి సీట్లు పెరిగాయంతే.

గోదారిగట్టు
ఛీ.

లెక్కల_మాస్టారు
దీని వెంటే జులై 16 ఓటు చూడాలి. ఎగువ సభలో రాష్ట్రానికి సమాన ఓటు, దిగువ సభలో జనాభా లెక్క. దానికి వేసినవి 5: కనెక్టికట్, న్యూజెర్సీ, డెలావేర్, మేరీలాండ్, నార్త్ కరొలినా. వ్యతిరేకం 4: పెన్సిల్వేనియా, వర్జీనియా, సౌత్ కరొలినా, జార్జియా. మాసచూసెట్స్ నలుగురు ఇద్దరిద్దరుగా చీలి ఓటు పోగొట్టుకున్నారు. న్యూయార్క్ వాళ్ళు వెళ్ళిపోయారు, న్యూ హాంప్‌షైర్ వాళ్ళు ఇంకా రాలేదు (దారి ఖర్చుకి రాష్ట్రం డబ్బివ్వక జులై 23న వచ్చారు), రోడ్ ఐలాండ్ అసలు పంపలేదు. 13లో 5 ఓట్లతో సెనేట్ పుట్టింది.

నూజెర్సీ_నాని
ఆ లెక్కన చూస్తే ఏ అంకె పవిత్రం కాదు ఇక్కడ

పాతపేజీ
సరే, సెప్టెంబరు 17న రాసేశారు. ఆ తర్వాత పాత కాంగ్రెస్ ఊరుకుందా? తన మరణశాసనం తానే ఎలా పంపింది?

దస్తావేజు
ఇక్కడ చాలా తెలివిగా నడిచారు. సెప్టెంబరు 20న కాగితం న్యూయార్క్‌లో కాంగ్రెస్‌కి చేరింది. 28న కాంగ్రెస్ దాన్ని రాష్ట్రాలకు పంపింది, మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. రాష్ట్రాల సమావేశాలకి చేర్చమని ఉత్తరం రాసిందంతే. కాంగ్రెస్ "ఆమోదిస్తున్నాం" అని ఉంటే అది 13వ ఆర్టికల్ కింద సవరణ అవుతుంది, అప్పుడు పదమూడూ కావాలి. వట్టి తపాలా పని చేస్తే ఆ తలనొప్పి లేదు. శాసనసభలు కూడా అంతే, ఆమోదించనక్కర్లేదు, సమావేశానికి ఎన్నికలు పెడితే చాలు.

శాసనసభలను పక్కన పెట్టడానికి కారణాలు రెండు. అధికారం పోగొట్టుకునేది వాళ్ళే, వాళ్ళనే అడిగితే ఏమంటారు? రెండోది, ఒక శాసనసభ చేసింది తర్వాతి శాసనసభ రద్దు చెయ్యగలదు. జనం ప్రత్యేకంగా పంపిన సమావేశం ఒప్పుకుంటే అది శాసనసభకి పైమెట్టు. మాసచూసెట్స్ 1780లో తెచ్చుకున్న తన సొంత రాజ్యాంగాన్నీ శాసనసభతో కాదు, ఇలాంటి ప్రత్యేక సమావేశంతోనే రాయించింది.

మిర్చియార్డ్
పెన్సిల్వేనియాలో గూండాగిరీ జరిగిందంటగా

లెక్కల_మాస్టారు
జరిగింది. అసెంబ్లీలో 69 మంది, కోరం 46. సమావేశానికి ఎన్నికల తేదీ పెట్టే తీర్మానం రాగానే 19 మంది బయటికి పోయి దాక్కున్నారు. మిగిలింది 44. మర్నాడు, సెప్టెంబరు 29న, ఒక గుంపు వాళ్ళు దిగిన ఇంటికెళ్ళి ఇద్దర్ని ఈడ్చుకొచ్చి సభలో కూర్చోబెట్టింది. 44, 2 కలిస్తే 46. ఒకాయన గైర్హాజరు జరిమానా కట్టేసి పోతానన్నాడు, కుదరదన్నారు. ఓటు జరిగిపోయింది.

కోనసీమ_కుర్రాడు
రిసార్టు రాజకీయం 1787లోనే ఉందన్నమాట. రిసార్టే లేదు.

లెక్కల_మాస్టారు
అసలు ప్రమాదం వేరే చోట. డెలావేర్ 30-0, న్యూజెర్సీ 38-0, జార్జియా 26-0, ఇవి తేలిగ్గా వచ్చాయి. పెద్ద రాష్ట్రాలు దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టాల్సిందే: మాసచూసెట్స్ 187-168, వర్జీనియా 89-79, న్యూయార్క్ 30-27. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ 57-47తో తొమ్మిదోది అయింది. ఫిబ్రవరిలో ఓటు పెడితే ఓడిపోతామని తెలిసి వాళ్ళ సమావేశాన్నే నాలుగు నెలలు వాయిదా వేసుకున్నారు. వర్జీనియా, న్యూయార్క్ లేకుండా 9 ఉన్నా దేశం మూడు ముక్కలుగా ఉండేది, పటం చూడండి.

మాసచూసెట్స్‌లో ఒక దారి దొరికింది: ఇప్పుడు షరతు లేకుండా ఒప్పుకో, సవరణల చీటీ విడిగా జత చెయ్యి. హక్కుల చిట్టా లేదని గొడవ చేసేవాళ్ళు ఆ మాట మీద మెత్తబడ్డారు. తర్వాత వచ్చిన రాష్ట్రాల్లో మేరీలాండ్ తప్ప అందరూ ఇదే పట్టుకున్నారు. న్యూయార్క్ మాత్రం "సవరణలు రాకపోతే మేం బయటికి పోతాం" అని షరతు పెట్టబోతే, వర్జీనియా నాయకుడు మాడిసన్ అది ఆమోదమే కాదు, చేరితే మొత్తంగా, ఎప్పటికీ చేరాలి అని హామిల్టన్‌కి రాశాడు.

చాదస్తపు_శాస్త్రి
రాజ్యాంగ పీఠిక సంగతి కూడా ఇక్కడే. ఆగస్టు 6 ముసాయిదాలో "మేము, న్యూ హాంప్‌షైర్, మాసచూసెట్స్, రోడ్ ఐలాండ్..." అని 13 పేర్లూ వరసగా ఉన్నాయి. 9 చాలనుకున్నాక ఏ తొమ్మిదో ఎవరికి తెలుసు? రాని రాష్ట్రం పేరు ఎలా అచ్చేస్తారు? సెప్టెంబరులో భాష సరిచేసే కమిటీలో గవర్నర్ మోరిస్ పేర్లన్నీ కొట్టేసి "మేము, అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రజలం" అని పెట్టాడు. గవర్నర్ అనేది ఆయన పేరు, పదవి కాదు. ఆ మహా వాక్యం వెనక ఉన్నది ఈ చిల్లర ఇబ్బంది.

పాతపేజీ
ఇది నాకు తెలియదు. బాగుంది.

వకీలమ్మ
ఇందాకటి నుంచి చదువుతున్నా. పాతదాన్ని రద్దు చేస్తున్నాం అని ఎక్కడైనా రాశారా అని వెతికితే లేదు. మన రాజ్యాంగంలో 395వ అధికరణం ఉంది: 1947 స్వాతంత్ర్య చట్టం, 1935 చట్టం రద్దు అని పేర్లు పెట్టి మరీ. మన రాజ్యాంగ సభకి అధికారం ఇచ్చిన చట్టాన్నే అది రద్దు చేసింది, నిచ్చెన ఎక్కి నిచ్చెన తోసేసినట్టు. అమెరికా వాళ్ళు ఆ మాత్రం కూడా రాయలేదు. 6వ అధికరణంలో కాన్ఫెడరేషన్ కాలపు అప్పులు కొత్త ప్రభుత్వం మీద చెల్లుతాయి అని ఒక్క ముక్క, అంతే. ఆర్టికల్స్‌ని చంపలేదు, ఆకలితో పోనిచ్చారు.

దస్తావేజు
మంచి పాయింటండీ. ఎలా పోయాయో తేదీలతో: 1788 సెప్టెంబరు 13న పాత కాంగ్రెసే కొత్త ప్రభుత్వానికి తేదీలు పెట్టింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలెక్టర్ల నియామకం జనవరి మొదటి బుధవారం, వాళ్ళ ఓటు ఫిబ్రవరి మొదటి బుధవారం, ప్రారంభం మార్చి మొదటి బుధవారం, అంటే 1789 మార్చి 4. చోటు న్యూయార్క్. 1788 అక్టోబరు 10 తర్వాత పాత కాంగ్రెస్‌కి కోరమే రాలేదు. కార్యదర్శి చార్లెస్ థామ్సన్ 1774 నుంచీ అదే కుర్చీలో ఉన్నాడు, దస్తరాలు, రాజముద్ర పెట్టుకుని కూర్చున్నాడు. 1789 జులైలో వాటిని అప్పగించి ఇంటికి పోయాడు.

కొత్తదీ సమయానికి రాలేదులెండి. మార్చి 4న కోరం లేదు. దిగువ సభకి ఏప్రిల్ 1, సెనేట్‌కి ఏప్రిల్ 6. వాషింగ్టన్ ప్రమాణం ఏప్రిల్ 30.

మిర్చియార్డ్
వాషింగ్టన్‌కి ముందే జాన్ హాన్సన్ అనే ఆయన మొదటి ప్రెసిడెంట్ అని వాట్సాప్‌లో తిరుగుతుంది

చాదస్తపు_శాస్త్రి
ఆయన కాంగ్రెస్ అధ్యక్షుడు, అంటే సభకి స్పీకర్ లాంటివాడు. ఏడాది కాలం. కార్యనిర్వాహక శాఖే లేని చోట ప్రెసిడెంట్ ఎక్కడి నుంచి వస్తాడు? ఆ పదవిలోనూ ఆయన మొదటివాడు కాదు.

గోదారిగట్టు
మరి బయట ఉండిపోయిన రెండు రాష్ట్రాలు?

లెక్కల_మాస్టారు
నార్త్ కరొలినా 1788 ఆగస్టులో ఒప్పుకోలేదు, 1789 నవంబరు 21న వచ్చింది, అప్పటికి హక్కుల సవరణలు కాంగ్రెస్ దాటేశాయి. రోడ్ ఐలాండ్ సమావేశం కూడా పెట్టకుండా 1788 మార్చిలో ఊరూరా జనం ఓటుకి పెట్టింది: అనుకూలం 237, వ్యతిరేకం 2,700కు పైగా, అయితే అనుకూలవర్గం చాలాచోట్ల ఓటు బహిష్కరించింది. 1790 మేలో దాని సరుకు మీద నిషేధం పెట్టే బిల్లు సెనేట్ పాస్ చేశాక, మే 29న 34-32తో చేరింది. రెండు ఓట్లు.

నూజెర్సీ_నాని
అంటే నార్త్ కరొలినా, రోడ్ ఐలాండ్ తప్ప మిగతా 11 రాష్ట్రాలూ కలిసి వాషింగ్టన్‌ని ఎన్నుకున్నాయి

దస్తావేజు
11 కాదు నాని గారూ, 10. ఓటు వేసిన ఎలెక్టర్లు 69 మంది, ఆ 69 ఓట్లూ ఆయనకే. చేరి కూడా ఓటు వెయ్యని రాష్ట్రం న్యూయార్క్. ఎలెక్టర్లను ఎలా ఎన్నుకోవాలో వాళ్ళ శాసనసభలో రెండు సభలకీ కుదరక గడువు దాటిపోయింది. ప్రమాణ స్వీకారం జరిగింది ఆ ఊళ్ళోనే.